వెన్ను కమ్మీ సాగదు

గొడుగు 43, శ్రావణం 3

తొమ్మిదేండ్ల కింద చట్రాల ఆఫీసోళ్ళు నా షాపు తలుపు మీద ఒక రేకు కొట్టి పోయినారు. దాని మీద ఇట్ల ఉంది: "ఈ షాపు కమ్మీలు సాగుచున్నవి. పనివాని లోపము." కింద తనిఖీ ఆఫీసరు వెంకోబరావు సంతకం. నేను చదివింది మూడో తరగతి. ఆ ఆరు మాటలు మాత్రం కండ్లు మూసుకోని రాయగలను. రోజూ తలుపు తీసేటప్పుడు ఒకసారి, వేసేటప్పుడు ఒకసారి చదువుతా గదా.

నా పేరు ఉరుకుందప్ప. మూడో గల్లీలో నలభై ఒక్క ఏండ్లుగా చట్రాలు చేస్తా ఉన్నా, ఊరోళ్ళు ఒంటికి తొడుక్కునే, వాళ్ళ బరువు మోసే ఇనుప చట్రాలు. ఎండ పడకుండా ఈ ఊరంతటి మీద గొడుగు గుడ్డ కప్పిన రెండో ఏడు నుంచి ఇదే పని. ఇనుము సంగతి నాకు ఎవరూ చెప్పబనిలేదు. కొలిమిలో ఎర్రగా కాల్చి సుత్తితో కొడితే ఇనుము సాగతాది. మనిషి వీపు మీద కూచోని సాగదు. ఈ మాట ఆఫీసుకు పోయి పదకొండుసార్లు చెప్పినా. పదకొండుసార్లూ వెంకోబరావు ఒకటే అన్నాడు, "నోటి మాట చెల్లదు ఉరుకుందప్పా, రాసియ్యి."

సరే. ఈ పొద్దు నుంచి రాస్తా. వేరే కాగితం కొనను, పనిపుస్తకంలోనే రాస్తా. ఒత్తులు తప్పు పోతే చదివేటోళ్ళే సరిచేసుకోండి.

ఈ పొద్దు పని. ఐదు చట్రాలు వచ్చినాయి. ఒకదానికి మోకాలి మోటరు కాలింది. ఒకదానికి నడుము బ్యాటరీ మూత పోయింది. మిగతా మూడూ ఎప్పుడూ ఉండే రోగమే. "సాగింది మామా, వీపుకు ఆనడం లేదు, బిగించు." వెన్ను కమ్మీ అడుగున మర ఉంటాది. ఒక చుట్టు తిప్పితే కమ్మీ ఒక నూలు పొట్టి అవుతాది. ఎనిమిది నూళ్ళు ఒక అంగుళం. ఒకామెకు రెండు చుట్లు, ఇద్దరికి ఒక్కొక్కటి తిప్పినా. పేరు రాసి ఎన్ని చుట్లో అన్ని గీతలు పెట్టినా. మా గురువు నేర్పించిన అలవాటు ఇది.

శ్రావణం 9

ఒక పంతులమ్మ చట్రం మొత్తం ఇప్పి బల్ల మీద పరిచినా. తొడ కమ్మీలు, పిక్క కమ్మీలు, వెన్ను కమ్మీ. అన్నీ ఒకే ఇనుము, ఒకే దినం కోసినవి. కాళ్ళ కమ్మీల మర పదేండ్లుగా తిప్పలేదు, తుప్పు పట్టి కూచోనుంది. వెన్ను కమ్మీ మర మాత్రం తిప్పి తిప్పి అద్దం మాదిరి మెరుస్తా ఉంది.

తనిఖీకి వెంకోబరావు వచ్చినాడు. నిలబెట్టి అడిగినా.

"ఇదేం ఇనుము సార్, నడుము కింద సాగదు, నడుము పైన సాగతాది?"

"బరువంతా వీపు మీదే గదప్పా ఉండేది."

"వీపు మీద నుంచి ఆ బరువు యాడికి పోతాది సార్? కాళ్ళ మీదికే గదా దిగల్ల. ఆకాశానికి పోతాదా?"

వెనక గుమాస్తా నవ్వినాడు. వెంకోబరావు గుమాస్తా దిక్కు చూసినాడు, వాడు నవ్వు మింగినాడు.

"నీకు ఇదొక పిచ్చి పట్టింది ఉరుకుందప్పా. సాగితే బిగించు. దానికే గదా నిన్ను పెట్టింది."

పోతా పోతా తన వెన్ను కమ్మీ కూడా నాతో ఒక చుట్టు బిగించుకోని పోయినాడు. ఆయన పేజీలో గీత పెట్టినా.

కోసిన దినం కొలత రాసుకోని ఉంటే వాని మొగాన పెట్టేవాణ్ణి. మాకు ఆ అలవాటు లేదు. మనిషిని నిలబెట్టి వీపుకు ఆనించి కోస్తాము, అంతే.

శ్రావణం 14

సుంకులమ్మకు నడుము పోయింది. సుంకులమ్మ నా పెండ్లాము, అరవై ఒక్క ఏండ్లు.

స్నానం చేసి వచ్చి ఇంకా చట్రం తొడుక్కోలేదు. అటక మీది నువ్వుల డబ్బా కోసరం చెయ్యి ఎత్తింది. టక్ మనింది. నేను వాకిట్లో ఉన్నా. పొయ్యిలో పుల్ల విరిగిందనుకున్నా. వచ్చి చూస్తే గోడ పట్టుకోని నిలబడింది, మొగాన చెమట. పడలేదు. జారలేదు. డబ్బా కూడా ఖాళీదే.

చట్రం తొడిగి దవాఖానాకు పిల్చుకోని పోతి. కిటికీ కాడ గుమాస్తా ఫారం తీసినాడు.

"యాడ పడింది?"

"పడలేదు."

"పడకుండా ఎముక ఎట్ల నొస్తాది? బచ్చలింట్లో స్నానం చేస్తా జారిందా, మెట్ల మీదా?"

"పడలేదప్పా, నిలబడే ఉంది."

"అయితే ఫారం కదలదు పెద్దాయనా. పడితేనే ఎముక ఫోటో. రూలు."

నాకు మండింది. "ఇంత దూరం పిల్చుకోని వచ్చినా. ఈడ మెట్ల మీద ఒకసారి తోస్తే సరిపోతాదా?"

సుంకులమ్మ అంత నొప్పిలో కూడా ఊరుకోలేదు. "తోసేది మెల్లగా తొయ్యి. చీర కొత్తది."

పూత మందు ఇచ్చి పంపినారు. మందు ఇచ్చిన నర్సు పేరు మాబున్ని, ముప్పై ఏండ్లు ఉంటాయేమో. ఆ పిల్ల సుంకులమ్మను వెనక నుంచి, పక్క నుంచి చూసి, "పెండ్లినాటికి ఎంత పొడుగు ఉండేదానివి అవ్వా?" అని అడిగింది. నడుము నొప్పికి పెండ్లి ముచ్చట ఎందుకని కసిరి వచ్చేసినా.

శ్రావణం 20

వదిన వచ్చింది. సుంకులమ్మకు అక్క, హనుమక్క, అరవై ఏడేండ్లు. గొడుగు గుడ్డకు అతుకులేసే పని. పొద్దు పొడవక ముందే నిచ్చెన ఎక్కి, ఎండ ముదిరే ఎనిమిది గంటలకల్లా దిగుతారు. ఆ గుడ్డ చట్రం బరువు ఆపదు, అందుకని వాళ్ళకు చట్రాలు లేవు. దారం ఉండలు, గుడ్డ తానులు వీపున కట్టుకోని వాళ్ళే మోస్తారు. ఊర్లో వాళ్ళను ఎండోళ్ళు అంటారు. పిల్లనియ్యరు, పిల్లను చేసుకోరు. వదిన ఈ పనికి పోయింది మా పెండ్లి అయినాకనే. గొడుగు బయట వాళ్ళు పెంచుకునే మునగ చెట్ల ఆకు కూడా మనం ముట్టము. ఆ ఆకే ఒళ్ళో ఇంత పోసుకోని వచ్చింది.

చెల్లెల్ని లేపి నిలబెట్టింది. ఇద్దరూ వాకిలి కాడ పక్కపక్కన నిలబడినారు.

"ఏం మరిదీ, మీ పెండ్లినాడు ఇది నా కంటే బొటనవేలు మందం పొడుగు గదా. నా నెత్తి మీంచి నీ మొగం చూసి, ముక్కు పెద్దదని నాకు చెప్పింది."

"చెప్పింటాది. పెద్దదే."

"ఇప్పుడు నా నొసటి కాడికి వచ్చింది. నేను పెరిగినానా?"

"అరవై ఏడేండ్లకు యాడ పెరుగుతావు వదినా?"

"మరి దీన్ని ఎవరు కోసినారు?"

నా కండ్లు వాకిలి పైకి పోయినాయి. ఆడ ఉంది పెండ్లి కమ్మీ.

మా ఊరి ఆచారం ఇది. పెండ్లినాడు చట్రం పనివాడు ఇద్దరికీ చెరి రెండు వెన్ను కమ్మీలు కోస్తాడు. ఒకటి తొడుక్కునేదానికి. ఇంకొకటి పేరు గీకి, పసుపు రాసి, వాకిలి పైన కట్టేదానికి. దాన్ని ఎవరూ తొడగరు. బతికినన్నాళ్ళు దించరు. మనిషి పోయినప్పుడు దించి వాళ్ళతోనే పంపిస్తారు. మా ఇంట్లోవి నేనే కోసినా, ముప్పై ఎనిమిదేండ్ల కింద.

స్టూలు వేసుకోని ఎక్కినా. సుంకులమ్మ మొత్తుకునింది. "నేను ఇంకా చావలేదు, దాన్ని ముట్టద్దు."

"కొలిచి మళ్ళీ కడతా."

"ఆడదాని కమ్మీ దించిన ఇల్లు బాగుపడతాదా? ఏం మనిషివయ్యా నువ్వు."

"అది ఇనుపముక్క. దించనీ," అనింది వదిన. ఎండోళ్ళకు ఇట్లాంటివి పట్టవు.

దించి బల్ల మీద పెడితి. ఇరవై అంగుళాల మూడు నూళ్ళు. సుంకులమ్మ రోజూ తొడుక్కునే కమ్మీ పక్కన పెడితి. పద్దెనిమిది అంగుళాల ఒక నూలు. తేడా పద్దెనిమిది నూళ్ళు. పాత పుస్తకాలు తీసి సుంకులమ్మ పేజీలు చూస్తి. పద్నాలుగు ఏండ్లలో నేను పెట్టిన గీతలు లెక్కబెడితే పద్దెనిమిది. ఒకటి ఎక్కువ లేదు, ఒకటి తక్కువ లేదు.

కమ్మీ సాగి ఉంటే నేను తిప్పిన చుట్లన్నీ ఆ సాగుదలకే సరిపోయి, కొలత మళ్ళీ పెండ్లినాటి కొలతే రావల్ల. రాలేదు. కమ్మీ ఒక్క నూలు కూడా సాగలేదు. మనిషి తగ్గింది.

తొమ్మిదేండ్లుగా నేను చెప్పిందే నిజం. సంతోషపడదామని కూచున్నా, సంతోషం రాలేదు. ఆమె తగ్గిన ప్రతిసారీ మర తిప్పి, "సరిపోయింది, పో" అనింది నేనే గదా.

భాద్రపదం 1

పది దినాలు పుస్తకాలే చదివినా. నలభై ఒకటిలో నాలుగు చెదలు తినింది, ముప్పై ఏడు మిగిలినాయి. యాభై దాటిన ఆడోళ్ళ పేర్లు రెండొందల పన్నెండు. ఒకటి రెండు గీతలు ఉన్నోళ్ళు కొందరు. పన్నెండుకు మీద, అంటే అంగుళంన్నరకు మీద, తొంభై ఆరు మంది. ఆ తొంభై ఆరులో తర్వాత మణికట్టు విరిగి కట్టుతో వచ్చినోళ్ళు ఉన్నారు, తుంటి విరిగి మంచం పట్టినోళ్ళు ఉన్నారు, చచ్చిపోతే నేను పేరు కొట్టేసినోళ్ళు ఉన్నారు. మొగోళ్ళలో డెబ్భై దాటినాక గీతలు పెరుగుతాయి.

ఇదంతా నా చేతిరాతే. ఇన్నేండ్లు నా కండ్ల ముందరే ఉంది. ప్రతి పేజీ విడిగా చూసినా గానీ పక్కపక్కన పెట్టి చూడలేదు. ఊరంతా సాగింది అంటే మొదట్లో నేనూ ఇనుము అమ్మే కొట్టువాణ్ణి తిట్టినా.

భాద్రపదం 4

పెండ్లి కమ్మీ, పుస్తకాలు సంచిలో వేసుకోని, సుంకులమ్మను పిల్చుకోని మాబున్ని కాడికి పోతి. ఆ పిల్ల పెండ్లి కమ్మీని సుంకులమ్మ వీపున ఉండే కమ్మీ పక్కన పెట్టి చూసింది, గీతలు లెక్కబెట్టింది. తర్వాత ఫారం తీసుకోని "యాడ పడినారు" అనే గడిలో "పడక ముందే" అని రాసి, సుంకులమ్మను ఫోటో గదిలోకి తీసుకోని పోయింది.

ఫోటో నాకు చూపించింది. వెన్నులో రెండు పూసలు ముందర దిక్కు అణిగినాయి, చేత్తో నొక్కిన ఉండ్రాళ్ళ మాదిరి. ఒకటి కొత్తది. ఒకటి పాతది, ఎప్పుడు అణిగిందో ఆమెకే తెలీదు.

"ఎముకలు బోలు పడినాయి తాతా. నొప్పి లేకుండా చానా ఏండ్ల నుంచి తగ్గుతా వచ్చింటాది."

"ఎముక కూడా ఇనుము మాదిరే గదమ్మా, ఒకసారి అయితే అయిపోయె."

"కాదు. ఎముకలో ఇద్దరు మేస్త్రీలు ఉంటారనుకో. ఒకడు పాతది పీకుతాడు, ఇంకొకడు కొత్తది కడతాడు. చచ్చేదాకా ఇదే పని."

"ఆ పీకేవాణ్ణి పనిలోంచి తీసెయ్యి."

"తీసేస్తే పాత ఎముక పాతగానే ఉండి పెళుసవుతాది. ఇద్దరూ ఉండల్ల, జోడుగా పోవల్ల. వయసులో కట్టేవాడు ముందు ఉంటాడు. ముప్పై దాటినాక సరిసమానం. ఆడోళ్ళకు ముట్లు ఆగినాక పీకేవాడు పరిగెత్తుతాడు. దానికి తోడు కట్టేవానికి మనం ఏమి ఇస్తాండాము? బరువు మోస్తేనే వానికి తెలుస్తాది, ఈడ గట్టిగా కట్టల్లని. బరువు చట్రం మోస్తాది. ఎండ తగిలితేనే తిన్న తిండిలోని సున్నం ఒంటికి పడతాది. ఎండను గొడుగు ఆపుతాది. సున్నం రాగుల్లో, నువ్వుల్లో, మునగాకులో, పెరుగులో ఉంటాది. మనం రేషన్ నాచుపిండి తింటాము."

"అయితే ఈ చట్రమే చంపింది."

"అదొక్కటే కాదు. వాళ్ళ అమ్మకు నడుము వంగిందా?"

వంగింది. నేనే చూసినా.

"అదీ ఉంటాది. వంశంలో వస్తాది. నీ జేబులో ఉండే బీడీలు కూడా ఎముకను తింటాయి."

"నా సంగతి ఎవరు అడిగినారు?"

"నీ గీతలు ఎన్ని తాతా?"

నాది నేనే తిప్పుకుంటా, రాయను. బీడీ కట్ట బయట పారేసినా. తర్వాత ఏరుకున్నా. అది వేరే సంగతి.

సుంకులమ్మకు వారానికొక మాత్ర మందు ఉందంట. పీకేవాని చెయ్యి పట్టుకోని ఆపుతాది. అది ఇయ్యల్లంటే కొలత తగ్గినట్టు చట్రాల ఆఫీసు రికార్డులో ఉండల్ల. రికార్డులో ఏముంది? "కమ్మీ సాగినది" అని ఉంది. కమ్మీ సాగినట్టయితే మనిషి తగ్గనట్టే. తగ్గకపోతే మందు లేదు. అంటే నా తలుపు మీది రేకు నా పెండ్లాము నోటికి అడ్డం పడింది.

భాద్రపదం 7

ఇది రాయబుద్ధి కాలేదు. రాస్తా.

చట్రమే చంపుతాంది గదా అని నేను సుంకులమ్మ చట్రం ఇప్పి పెట్టెలో పెట్టి తాళం వేసినా. మీ అక్క మాదిరి మోస్తే ఎముక గట్టిపడతాదని సగం బిందె నీళ్ళు చేతికి ఇచ్చినా. ఆమె వద్దనింది. నేను గట్టిగా చెప్పినా. వంగి బిందె ఎత్తింది. మూడో అడుగుకు బిందె వదిలేసి గోడకు ఆనుకుంది.

మాబున్ని వచ్చింది. ఇంకొక పూస.

"తాతా, నీకు ఎవరు చెప్పినారు ఇట్ల చెయ్యమని?"

"నువ్వే గదా, బరువు మోస్తే కడతాడని..."

"ఇన్నేండ్లు పని లేని కట్టేవానికి ఒక్క దినంలో కోట కట్టమంటావా? పూస అణిగిన మనిషి ముందరికి వంగి బరువు ఎత్తనే కూడదు. ముందు నిలబడల్ల. తర్వాత గోడ పట్టుకోని నడవల్ల. తర్వాత కుర్చీలోంచి చేతులు ఊనకుండా లేవల్ల. బిందె చివరి మాట."

సుంకులమ్మ మంచంలోంచి అనింది, "చెప్పు తల్లీ, ఇంకా చెప్పు. నలభై ఏండ్ల నుంచి నా మాట విన్లేదు, నీదన్నా వింటాడేమో."

నేను పెట్టె తాళం తీసి చట్రం తెచ్చి మంచం పక్కన పెట్టినా.

భాద్రపదం 11

ఇనుముతో తప్పు చేస్తే ఇనుముతోనే సరిచెయ్యల్ల. చట్రం మోకాలి మోటరుకు, వెన్ను స్ప్రింగుకు ఒక కొత్త మర పెట్టినా. అది తిప్పితే చట్రం పూర్తిగా మొయ్యదు. పదిలో ఒక వంతు మనిషికి వదులుతాది. నాలుగు వారాలకు ఒక చుట్టు. ఇన్నాళ్ళూ మనిషి తగ్గితే చట్రాన్ని తగ్గించినా. ఇప్పుడు మనిషి కుదిరే కొద్దీ చట్రం మోతను తగ్గిస్తా.

మాబున్ని వచ్చి రెండు గంటలు చూసింది, తొడుక్కోని మెట్లు ఎక్కి దిగింది. "బాగుంది" అనింది. నలభై ఒక్క ఏండ్లలో నా పనిని బాగుందని చెప్పినోళ్ళలో పైసా లేకుండా చెయ్యమని అడగనిది ఈ పిల్లే.

పొద్దున్నే అర్ధగంట వదిన పిల్చుకోని పోతాది, నిచ్చెన కాడ గుడ్డ చిల్లులోంచి పడే లేత ఎండలో సుంకులమ్మ కూచుంటాది. నేను బచ్చలింట్లో గోడకు కమ్మీ బిగించినా, పట్టుకునేదానికి. గడప తీసేసినా, తట్టుకోకుండా. మునగాకు వేపుడు చేస్తాంది ఆమె. చేదు. తింటా ఉన్నా.

భాద్రపదం 28

సుంకులమ్మ చేతులు ఊనకుండా కుర్చీలోంచి ఐదుసార్లు లేచింది. పోయిన పొట్టితనం తిరిగి రాదంట, అణిగిన పూస అణిగిందే. ఉండేది నిలబెట్టుకోవల్ల.

ఈ పొద్దే ఆఫీసు నుంచి ఆర్డరు వచ్చింది. రెండుసార్లు చదివించుకున్నా. కార్తీకం ఒకటో తేదీ నుంచి ఊరందరికీ కొత్త చట్రాలు. వెన్ను కమ్మీ తనంతట తానే ఒంటికి సరిపోతాదంట. మర లేదు, చుట్టు లేదు, గీత లేదు. సాగింది అనే ఫిర్యాదే ఉండదు. పాత ఇనుమంతా అప్పగించల్ల. పెండ్లి కమ్మీలతో సహా. ఇంటికి రెండు కమ్మీలు ఇస్తే ఒక నెల చార్జింగు ఫ్రీ.

ఇంక మనుషులు తగ్గుతా పోయినా చట్రం దాంతోపాటే పొట్టి అయి, బాగుంది బాగుంది అంటాది. ఎవరికీ తెలీదు. తెలిపేదానికి ఇన్నాళ్ళు నా గీతలన్నా ఉండె.

ఆశ్వయుజం 5

గల్లీ గల్లీ తిరిగినా. "మీ ఆమె పెండ్లి కమ్మీ ఒకసారి దించండి, కొలిచి అరగంటలో మళ్ళీ కడతా." ప్రతి ఇంట్లో ఒకటే మాట. అపశకునం మామా. చావు కోరినట్టు మామా. ఒకాయన వాకిట్లో నీళ్ళు చల్లించినాడు నేను పోయినాక.

పొద్దు వాలే లోపల అవే ఇండ్లలో ఆడోళ్ళు మొగోళ్ళు స్టూళ్ళు ఎక్కి కమ్మీలు దించుతా ఉన్నారు. ఇనుము ఎత్తుకుపోయే ఆఫీసు బండి వచ్చింది గదా. ఫ్రీ చార్జింగు. కొలిచేదానికి దించితే చావు, కరిగించేదానికి దించితే పుణ్యం.

బండి ముందర నిలబడితి. బండోడు మంచోడు, వదినతో పని చేసే ఒక పిల్లోని నాయన. "కరిగించేదానికి కొలిమి నెలాఖరుకు గానీ రాదు మామా. అంతవరకు ఇనుము నీ షాపులో పెట్టమన్నా పెడతా, నాకు జాగా లేదు" అన్నాడు. మూడొందల నలభై కమ్మీలు నా షాపులో దించినా. ప్రతి దాని మీద నేనో, మా గురువో గీకిన పేరు ఉంది.

ఆశ్వయుజం 9

వెంకోబరావు వచ్చినాడు. షాపులో అడుగు పెట్టే జాగా లేదు.

"ప్రభుత్వ ఇనుము నీ కాడ ఎందుకుంది?"

"చూస్తా ఉన్నా సార్. మీరూ చూడండి." సుంకులమ్మవి రెండు కమ్మీలు, పుస్తకం, మాబున్ని ఇచ్చిన ఫోటో చూపించినా. ఆయనేం మొండోడు కాదు. కూచోని గీతలు లెక్కబెట్టినాడు. రెండుసార్లు లెక్కబెట్టినాడు.

"ఇది నిజమైతే ఆఫీసు ఇరవై ఏండ్లుగా తప్పు రాసిందని ఒప్పుకోవల్ల ఉరుకుందప్పా."

"ఒప్పుకోండి."

"కొత్త చట్రాలు కొనేసినారు. నా చేతిలో ఏముంది?"

"సంతకం ఉంది. ఆ రేకు మీద పెట్టింది మీ చెయ్యే గదా సార్."

లేచి నిలబడినాడు. లేచేటప్పుడు చెయ్యి నడుము మీదికి పోయింది. నేను చూసినా. నేను చూసింది ఆయన చూసినాడు.

"రాసియ్యి," అని పోయినాడు.

ఆశ్వయుజం 14

రాసిస్తాండా. దీన్ని ఇద్దరు చదువుకున్నోళ్ళతో చదివించి, రెండు నకళ్ళు తీయించి, ఒకటి ఆఫీసులో, ఒకటి దవాఖానాలో ఇస్తాండా.

వెంకోబరావు సారుకు.

ఒకటి. వెన్ను కమ్మీలు సాగవని, ఆఫీసు రికార్డులో "సాగినది" అని రాసిన చోటంతా "మనిషి తగ్గినది" అని చదువుకోవల్లని సంతకం పెట్టండి. ఆ సంతకం వచ్చిన దినం నా పెండ్లాముకు మాత్ర వస్తాది. నా పెండ్లామొక్కదానికే కాదు, తొంభై ఆరు మంది ఉన్నారు. అందులో బతికినోళ్ళు అరవై ఎనిమిది. పేర్లు వెనక పేజీలో ఉన్నాయి.

ఇంకొకటి. దవాఖానా ఫారంలో పడినారా అని అడిగే ముందు, పెండ్లినాటికి ఎంత పొడుగు అని అడగల్ల. పడినాక చూసేదానికి దవాఖానా ఎందుకు, మోసుకుపోయే బండి చాలు.

కొత్త చట్రాలు కొంటే కొనండి. వాటికి గీతలు పెట్టే పుస్తకం ఒకటి పెట్టండి. మోత తగ్గించే మర నేను చేసిస్తా, దుడ్లు అడగను. పొద్దున్నే ఒక గంట నిచ్చెనల కాడ ఊరోళ్ళను కూచోనియ్యండి. ఎండోళ్ళ మునగాకు తింటే ఎవరి కులమూ పోదు. నేను తిన్నా, నాది ఉంది.

నా తలుపు మీది రేకు పీకబనిలేదు. మాటలు మార్చండి. "కమ్మీలు సాగలేదు" అని రాయండి. కింద "పనివాని లోపము" అనేది అట్లనే ఉండనీ. నలభై ఒక్క ఏండ్లు మర తిప్పినోడు ఒక్కసారన్నా ఎందుకని అడగల్ల. నేను నా ఇనుము పరువు గురించే మాట్లాడినా, దాన్ని తొడుక్కున్నోళ్ళ వీపు చూడలేదు. ఆ లోపం నాదే. దాన్ని నేనే చదువుకుంటా, రోజుకు రెండుసార్లు.

ఆశ్వయుజం ఇరవై ఎనిమిది, పొద్దు మునిగే లోపల జవాబు రావల్ల. రాకపోతే ఇరవై తొమ్మిది పొద్దున్నే ఈ మూడొందల నలభై కమ్మీలు గల్లీ పొడుగునా పేర్లు కనపడేట్టు నిలబెడతా. ఎవరి కమ్మీ పక్కన వాళ్ళను చట్రం ఇప్పి నిలబడమంటా. ముందు నిలబడేది సుంకులమ్మ. ఒప్పుకునింది. కొత్త చీర కట్టుకుంటాదంట.

ఇన్నేండ్లు నోటి మాట చెల్లదని చెప్పినారు. ఈ జవాబు కాగితం మీద వస్తే నాకు చెల్లదు. మీరే రావల్ల. మీ ఇంట్లో వాళ్ళు బండిలో కమ్మీలు వెయ్యలేదు, నేను చూసినా. మీ పెండ్లి కమ్మీ ఇంకా మీ వాకిలి పైనే ఉంది. కోసింది నేనే, ముప్పై ఏండ్ల కింద. దాన్ని దించి చేతిలో పట్టుకోని రండి.

మీ పేజీ తీసి పెట్టినా సార్. పదమూడు గీతలు.